పసుపు పెట్టిన బూట్లు

పెట్టె మూత తీయగానే కొత్త రబ్బరు వాసన గుప్పుమంది. మనవరాలు కీర్తన వచ్చే ఆదివారం నెల్లూరులో పది కిలోమీటర్ల పరుగుకు పేరిచ్చింది. ఇవి ఆ పరుగు కోసం కొన్న బూట్లు. నాకిప్పుడు డెబ్బై ఒకటి. ఆ వాసన నన్ను సరిగ్గా యాభై ఏడేళ్లు వెనక్కి, ఇందుకూరుపేట దగ్గరి మా బడికి తీసుకుపోయింది.

మాకు ఆటలు నేర్పింది ఎస్తేరు టీచర్. వారానికి మూడు సాయంత్రాలు మా ఆరుగురు ఆడపిల్లలను మైపాడు సముద్రపు ఒడ్డు ఇసుకలో ఉత్తికాళ్లతో పరిగెత్తించేవారు. పరుగయ్యాక వరసగా కూర్చుని కాళ్లు చాపాలి. ఆవిడ ఒక్కొక్కరి మడమలు, వేళ్ల సందులు చూసి, తేదీ వేసి, ఎవరికి ఎక్కడ ఎర్రబడిందో నోటుబుక్కులో రాసుకునేవారు. ఎర్రబడిన చోట బొబ్బ లేవకముందే పట్టీ అంటించేవారు. తేదీ లేకుండా నేను ఏదీ రాయకపోవడం అక్కడ అబ్బిన అలవాటే.

చెప్పుకోలేని బాధ ఒకటి నాకుండేది. మందపాటి లాగు చెమటకు తడిసి, తొడలు ఒరుసుకుని మండేవి. తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు. పదో రోజు టీచర్ నన్ను పక్కకు పిలిచారు.

"ఏందిమే సరోజా, బాతు మాదిరి నడస్తా ఉండావు?"

"ఏం లేదు టీచర్."

"తొడలు ఒరుసుకున్నాయా? సిగ్గెందుకు మే, నాకూ ఉండేది రెండు తొడలే గదా!"

నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. మూడు రోజులు పరుగు మాన్పించారు. సముద్రపు నీళ్లు తగిలిన లాగును మంచినీళ్లలో జాడించి ఆరేయమన్నారు. ఉప్పు అలాగే ఆరితే గుడ్డ గరుకెక్కి చర్మాన్ని గీకుతుందట. పరుగుకు ముందు తొడలకు కొబ్బరినూనె రాసుకోమన్నారు. మళ్లీ ఆ మంట రాలేదు.

జిల్లా పోటీలకు ఇంకా పన్నెండు రోజులున్నాయనగా బడిలో మాకు కాన్వాసు బూట్లు ఇచ్చారు. మొదటి ఇద్దరిలో ఉంటే పై పోటీలకు పంపుతానని, లేకపోతే ఆ రోజుతో పరుగు చాలని మా నాన్న చెప్పేశారు. టీచర్ రోజూ గంటసేపు బూట్లు తొడుక్కుని తిరగమన్నారు. కానీ మా ఇంట్లో కొత్తది ఏదైనా పసుపు పెట్టి, మంచిరోజు దాకా దాచేవాళ్లం. అమ్మ బూట్ల అంచులకు పసుపు రాసి బీరువాలో పెట్టింది. నాకూ వాటిని మాపడానికి మనసొప్పలేదు.

"తొడుగుతా ఉండావా?" అని టీచర్ రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ "ఆఁ టీచర్" అన్నాను.

పోటీ రోజు ఉదయం మొదటి విడత గెలిచాను. బూటు విప్పితే కుడి మడమ మీద రూపాయి బిళ్లంత బొబ్బ. టీచర్ దాన్ని చిదమలేదు. చుట్టూ దూది పెట్టి పట్టీ వేశారు. బూటు చేతిలోకి తీసుకుని, అంచున పసుపు, మాయని అడుగుభాగం చూశారు. నేను తలదించుకున్నాను.

"పండక్కని దాచుకున్నావా?"

"అవును టీచర్."

"మేమూ క్రిస్మస్‌కని దాచుకుంటాం. నాకు తోచుండాల. పో, ఉత్తికాళ్లతోనే పరిగెత్తు. ఈ ఆర్నెల్లూ చేసినావు గదా."

సాయంత్రం పరిగెత్తాను. చివరి మలుపులో పట్టీ ఊడి, గులకరాయి మీద మడమ పడింది. మూడోదాన్నయ్యాను. నాన్న మాట మీదే నిలబడ్డారు. అదే నా చివరి పోటీ.

వెళ్లేముందు టీచర్ నోటుబుక్కులో నా పేజీ తెరిచారు. తిడుతూ ఏదో రాస్తున్నారని భయపడి తొంగిచూశాను. తేదీ కింద రెండు ముక్కలున్నాయి: "అడిగాను, చూడలేదు. తప్పు నాది." అబద్ధం ఆడింది నేనని ఆ పేజీలో ఎక్కడా లేదు. నన్ను కొట్టినా అంత గుర్తుండేది కాదు.

కీర్తన గదిలోకి వచ్చింది.

"కొత్త బూట్లు తొడిగి చూశావా?"

"ఆఁ అమ్మమ్మా, రోజూ వేసుకుంటున్నా."

బూటు తిరగేశాను. అడుగున ఒక్క ఇసుక రేణువు లేదు. కీర్తన నాలుక కరుచుకుంది. మేజోళ్లు ఇచ్చి, బూట్లు తొడిగించి, అరగంట వీధిలో నడిపించాను. తిరిగి వచ్చాక అరుగు మీద కూర్చోబెట్టి, తన పాదాలను నా ఒళ్లో పెట్టుకుని, కళ్లజోడు సవరించుకుని చూశాను. తర్వాత నా నోటుబుక్కులో తేదీ వేసి రాశాను: "కుడి మడమ. కొంచెం ఎరుపు. చూశాను."