డాక్టరమ్మకు మిగిలిపోయిన ఒక్క పన్ను

డాక్టరమ్మ పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను చప్పట్లు కొడుతున్నాను. మా పాప పనిచేసే చిన్నపిల్లల బడిలో ఆరోజు ఆటపాటల పండుగ. పాప మైకు ముందు నిలబడి, నోరారా నవ్వుతూ పిల్లల చేత పాట పాడిస్తోంది. నాకు ముందు వరసలో కుర్చీ వేశారు. ఆ సంతోషం పట్టలేక పక్కనున్న వాళ్లందరికీ ‘మా పాపే, మా పాపే’ అని చెబుతున్నాను. జేబులో ఫోను మోగింది. గూడూరులో డాక్టరమ్మ దగ్గర సాయంగా ఉండే ఆమె.

“పెద్దాయనా, మా మేడం పోయినాది. తెల్లారగట్టనే” అంది.

పాట అయ్యేదాకా పాపకు చెప్పలేదు. అంత పొడుగు పాట నేను ఎన్నడూ వినలేదు.

నేను అయిదో తరగతి చదివినవాణ్ణి. సముద్రం మీద వేటకు పోయి బతికినవాణ్ణి. రాయడం నా పని కాదు. కానీ ఆ తల్లి ఏం చేసిందో నలుగురికీ చెప్పకపోతే నాకు అన్నం సయించదు.

పాప మాకు లేకలేక పుట్టింది. ఆ ఏడే తుపానుకు పడవా వలలూ పోయాయి. మెట్టలో ఒక నిమ్మతోటకు కాపలా దొరికితే సంసారంతో అక్కడికి వెళ్లాం. తాగడానికి బోరు నీళ్లే. పాపకు పాలపళ్లు ఊడే వయసుకు మళ్లీ మా రేవుకు వచ్చేశాం. కొత్త పళ్లు మాత్రం, ఆ బోరు నీళ్ల వల్లేనట, ముందు వరసంతా సున్నం చిమ్మినట్టు తెల్లటి మచ్చలతో వచ్చాయి. బడిలో పిల్లలు “ఏమే, పెరుగన్నం తిని మూతి కడుక్కోలేదా?” అని ఏడిపించేవాళ్లు. అప్పటినుంచి పాప చెయ్యి నోటికి అడ్డం పడింది. నవ్వినా చెయ్యే, మాట్లాడినా చెయ్యే.

టీచరు ట్రైనింగు చేసింది. బంగారంలాంటి పిల్ల, నా బిడ్డని చెప్పడం కాదు. మొదటిసారి ఉద్యోగానికి పోయి పాఠం చెప్పి చూపించమంటే చెయ్యి అడ్డం పెట్టుకునే చెప్పిందట. ఆ బడి పెద్దమ్మ, “చిన్నపిల్లలు నీ నోరు చూసి పలకాల గదమ్మా, నువ్వు నోరే చూపియ్యకపోతే ఎట్టా?” అని పంపేసింది. పాప ఇంటికొచ్చి తలుపేసుకుంది. ఆ తర్వాత నగరంలో ఎక్కడో పెద్ద పళ్ల ఆసుపత్రికి పోయి వచ్చి, “నాయనా, ముందు పళ్లన్నీ అరగదీసి తొడుగులు వేస్తారంట. వచ్చే వారం పోతా” అంది. సరే అన్నాను. నాకేం తెలుసు?

ఆ వారంలోనే నా దవడ పన్నుకు నొప్పి లేచింది. పాపే నన్ను గూడూరు తీసుకుపోయింది. చెప్పుల కొట్టు పైన చిన్న గది, ఒకే ఒక్క కుర్చీ. డాక్టరమ్మ తలకు చున్నీ గట్టిగా చుట్టుకుని ఉండేది. ఫ్యాను గాలి పడదేమో అనుకున్నాం. నా పన్ను పీకి, దూది కొరికించి, ఇక నన్ను చూడటం మానేసింది. మూలన నిలబడిన పాపను చూస్తోంది.

“చెయ్యి దించు తల్లీ. ఇక్కడ నోరు తెరిస్తే సిగ్గుపడాల్సిన పని లేదు, అందరం దానిమీదే బతుకుతా ఉండాం.”

పాప దించలేదు. వచ్చే వారం అన్నీ అరగదీయించేస్తున్నానని మాత్రం చెప్పింది. డాక్టరమ్మ ముఖం మాడిపోయింది.

“అరగదీయడం ఎంతసేపు? మళ్లీ మొలిపించమంటే నా వల్ల కాదు, వాళ్ల వల్లా కాదు. గట్టి పళ్లు తల్లీ ఇవి, మచ్చలున్నాయంతే.”

కుర్చీలో కూర్చోబెట్టి అద్దం పెట్టి చూసింది. వేలితో పన్ను తడిమి ఆగిపోయింది.

“ఏం పెట్టి తోమతా ఉండావు? నిజం చెప్పు.”

పాప నసిగి నసిగి చెప్పింది. మా ఒడ్డుకు కొట్టుకొచ్చే తెల్లటి తునకలుంటాయి. సముద్రపు నురుగు అంటాం. నిజానికి అది నురుగు కాదు, ఒక చేప లోపలి ఎముక. మావాళ్లు దాన్ని పొడిచేసి పళ్లు తోముకుంటారు. మచ్చలు పోతాయని పాప రోజూ దాంతోనే రుద్దుకుంటోందట. చల్లనీళ్లు తగిలితే పళ్లు జివ్వుమంటున్నా ఆపలేదట. నాకూ తెలియదు, వాళ్లమ్మకూ తెలియదు.

“మచ్చ పైన అంటుకున్నది కాదే పిచ్చిదానా, పంటి లోపలుండాది” అని డాక్టరమ్మ పాప తల నిమిరింది. “ముందు ఆ నురుగు మానెయ్యి. పళ్లు కుదుటపడనీ. తర్వాత రా. సూది లేదు, మిషను రొద లేదు.”

మళ్లీ పోయినప్పుడు ఒక తునక తెచ్చి చూపించమంది. దాన్ని తన బల్ల మీదే ఉంచుకుంది. మా వైపు ఊళ్లవాళ్లు ఎవరు వచ్చినా దాన్ని ముందుకు జరిపి, “దీంతో తోమినారా? నిజం చెప్పండి” అని అడిగేదట. ఆ గదిలో అందరూ నవ్వేవాళ్లు.

ఆ పని చేసిన రోజు నన్నూ పక్కన నిలబడమంది. పాప నోటికి నీలం రబ్బరు గుడ్డ తొడిగింది, పళ్లు మాత్రమే బయటికి కనపడేట్టు. మచ్చల మీద ఏదో మందు పూసి, కడిగి, గాలి కొట్టి ఆరబెట్టింది. మచ్చలు ఇంకా తెల్లగా, సుద్దముక్కల్లా తేలాయి. “ఇదేందమ్మా, ఇంకా ఎక్కువైనాయే!” అన్నాను.

“భయపడొద్దు పెద్దాయనా. మీ ఒడ్డున ఎండిన ఇసక తెల్లగా ఉంటాదా? అల వచ్చి తడిపితే ఏమైతాది?”

“నల్లబడతాదమ్మా. తెలుపు పోతాది.”

“ఇదీ అంతే. ఈ మచ్చలో కంటికి కనపడని బొక్కలుండాయి. వాటిలో గాలి ఉన్నంతసేపు తెల్లగా ఉంటాది. చూడు.” ఒక చుక్క వేసింది. మచ్చ నా కళ్లముందే కరిగిపోయింది. నేను చేతులెత్తి దండం పెట్టాను. “అప్పుడే పెట్టొద్దు. ఇది ఆరిపోయే తడి. ఆరని తడి ఇప్పుడు పోస్తా” అంది. నీళ్లలాంటి మందు మచ్చలోకి ఇంకేదాకా ఓపిగ్గా కాచుకుని, నీలం వెలుగు చూపించి గట్టిపరిచింది. అంతే. ఒక్క రవ్వ పన్ను కూడా అరగదీయలేదు.

ఎడమవైపు ముందు పన్ను మీది మచ్చ మాత్రం లోతుదట, పూర్తిగా పోలేదు. “ఇది నేను నీకు బాకీ. ఇంకో విడత చేద్దాం, కొన్నాళ్లాగి రా” అంది. పాపకు అద్దం ఇచ్చింది. పాప చూసుకుంది, చూసుకుంది, నవ్వింది. చెయ్యి సగం దాకా లేచి, ఎందుకు లేచానా అన్నట్టు ఆగిపోయింది. నా బిడ్డ నవ్వు ఎట్లా ఉంటుందో నేను ఆరోజే చూశాను. ఎన్ని జన్మలెత్తినా ఆ తల్లి రుణం తీరదు.

అదే బడికి పాప మళ్లీ పోయింది. ఉద్యోగం వచ్చింది.

మిగిలిన పంటికోసం పోతే గదికి తాళం ఉంది. ఇల్లు కనుక్కుని, ఆమెకు ఇష్టమని నెత్తళ్ల చేపలు తీసుకుని వెళ్లాం. మంచం మీద పిడికెడు మనిషి. చున్నీ లేదు, తల మీద జుట్టూ లేదు. అప్పుడు తెలిసింది మాకు. మమ్మల్ని చూడగానే లేవబోయింది.

“నెత్తళ్లా? వాసన చూస్తానులే. మందులకు నోరంతా పుండ్లు పడినాయి పెద్దాయనా. పళ్ల డాక్టరు నోరే ఇట్టా అయింది చూడు” అని నవ్వబోయి, నొప్పికి ఆపుకుంది. పాపను దగ్గరికి పిలిచి నోరు తెరవమంది. బొటనవేలితో ఆ ఎడమ పన్నును తడిమింది. “ఇది మిగిలిపోయింది తల్లీ. వేరే ఎవరిచేతనైనా చేయించుకో. అరగదీయనియ్యొద్దు, మాటియ్యి.”

పాప మాటిచ్చింది. ఎవరి దగ్గరికీ పోలేదు. “డాక్టరక్కకు తగ్గినాక ఆమే చేస్తాది నాయనా” అనేది.

ఆరోజు బడి నుంచి నేరుగా గూడూరు పోయాం. వాకిట్లో పడుకోబెట్టారు. కిందటిసారి కన్నా చిన్నగా కనపడింది. తలకు ఆ పాత చున్నీయే చుట్టారు. పాప కాళ్ల దగ్గర కూలబడి నోరు తెరిచి ఏడ్చింది, ఊరంతా చూస్తుండగా. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఏడ్చి ఏడ్చి నోటి గాలికి పళ్లు ఆరిపోయాయి. ఆ ఎడమ పన్ను మీద మచ్చ ఎండిన ఇసకలా తెల్లగా పైకి తేలింది. ఎవరో మంచినీళ్లు ఇచ్చారు. పాప ఒక గుక్క మింగింది. మచ్చ కనపడలేదు. మళ్లీ ఏడుపు అందుకుంది, మళ్లీ మెల్లమెల్లగా తెల్లబడుతూ వచ్చింది.