సైరన్ ఇంటి మూడు చక్రాల బండి

వీధిలో అందరూ అతన్ని సైరన్ అనేవారు. అతను గొంతు పెంచి మాట్లాడగా విన్నవాళ్ళెవరూ లేరు గనుక ఆ పేరు ఎకసెక్కానికే పెట్టి ఉంటారు. పని మాత్రం అంబులెన్సు నడపడమే. పెళ్ళికి ముందు నుంచీ అదే ఉద్యోగం. మొదట్లో డ్యూటీ దిగి వచ్చాక ముద్ద దిగేది కాదు, ఎన్నిసార్లు చేతులు కడుక్కున్నా తృప్తి ఉండేది కాదు. తర్వాత ఆ బాధ తగ్గుతూ వచ్చింది. పోనీలే, అలవాటైంది అనుకున్నాడు. కానీ ఆ తగ్గడానికి ఎక్కడ ఆగాలో తెలియలేదు. తగ్గి తగ్గి, ఒకనాటికి లోపల ఏమీ మిగల్లేదు.

ఆ సంగతి ముందుగా పట్టుకున్నది బయటివాళ్ళు. ఆస్పత్రి వరండాలో ఒకాయన అతని చొక్కా పట్టుకుని, "మా నాన్న బతుకుతాడు కదా అన్నా?" అని ఏడ్చాడు. ఆ నాన్న దారిలోనే పోయాడని సైరన్‌కి తెలుసు. "కాస్త పక్కకి జరగండి, బండి కడగాలి" అన్నాడు. కోపం లేదు, విసుగైనా లేదు. ఆ మాట పైవాళ్ళ దాకా వెళ్ళింది.

మేనేజరు మంచివాడే. పిలిచి కూర్చోబెట్టి, "నిన్ను తప్పు పట్టడం లేదయ్యా. కొన్నాళ్ళు ఇంట్లో ఉండు. అసలు నీకేమనిపిస్తోంది?" అని అడిగాడు.

"ఏమీ అనిపించట్లేదు సార్."

"అదేనయ్యా గొడవ."

ఇంటికి వచ్చి ఈ సంగతి భార్యకి చెప్పిన తీరు, బయట మబ్బు పట్టిందని చెప్పినట్టుంది. ఆవిడ కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. రోజంతా ఎదుటివాళ్ళ చూపు సరిచేసే మనిషికి, ఇంట్లో మొగుడి కళ్ళల్లోకి చూసి ఏం చెయ్యాలో పాలుపోలేదు. సెలవులో అతను కిటికీ పక్కన కుర్చీలో కూర్చునేవాడు. టీ ఇస్తే తాగేవాడు, మరిచిపోతే అడిగేవాడు కాదు.

అతన్ని ఆ కుర్చీలోంచి లేపింది అత్తగారు. ఆవిడ కూతురి దగ్గరే ఉంటుంది. ఒక మోకాలు వంగదు గానీ నోటికి ఆ ఇబ్బంది లేదు. మెట్ల కింద ఆవిడ భర్త వదిలిపోయిన మోటారుసైకిలు ఒకటి పాత దుప్పటి కప్పుకుని ఏళ్ళ తరబడి నిలబడి ఉంది. ఒకరోజు చీపురు పట్టుకుని దాని ముందు నిలబడింది.

"అల్లుడుగారూ, ఈ సవతి పోరు నాకింకెన్నాళ్ళు? దీని కిందంతా ఎలుకల సంసారమే. నడిపిస్తే నడిపించు, లేకపోతే తూకానికి అమ్మెయ్."

అల్లుడుగారూ అని సాగదీసిందంటే వెటకారమని అతనికి తెలుసు. సరేనని లేచాడు. ఇష్టమై కాదు. వద్దనడానికి కూడా ఏదో ఒకటి అనిపించాలి కదా.

బండిని ముందు గదిలోకి తోసుకొచ్చి, గోనెలు పరిచి, విప్పడం మొదలుపెట్టాడు. సీటు కింద ఎలుకలు కొరికిన తీగలున్నాయి. ట్యాంకు కదిపితే లోపల తుప్పు గలగలలాడింది. ఇంజను బిగిసిపోయి కిక్కు రాడ్డు అంగుళం కూడా దిగలేదు. ప్లగ్గు తీసి, ఆ కన్నంలోంచి కిరసనాయిలు పోసి వదిలేశాడు. ట్యాంకులో గుప్పెడు నట్లు వేసి, కిరసనాయిలు పోసి, మూత బిగించి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ ఊపుతూ కూర్చున్నాడు. అత్తగారు పీట వేసుకుని ఎదురుగా కూర్చుంది.

"ఎవరైనా చూస్తే పసిబిడ్డకి జోల పాడుతున్నావనుకుంటారు."

అతను ఊపడం ఆపలేదు.

"నవ్వు రాకపోతే పోయె, ఊఁ అనైనా అను నాయనా. గోడతో మాట్లాడుతున్నానేమోనని నాకే అనుమానం వస్తోంది."

"ఊఁ" అన్నాడు.

కార్బురేటరు కడగడానికి అతను పాలగిన్నె తీసుకున్న రోజున ఇంట్లో చిన్న యుద్ధం జరిగింది. తల్లీ కూతుళ్ళు ఇద్దరూ ఒకటై తిట్టారు. అతను నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, సన్నటి తీగతో పెట్రోలు వచ్చే జెట్టు కన్నం పొడుచుకుంటూ ఉండిపోయాడు. చివరికి ఆ గిన్నె అతనికే వదిలేశారు. మరికొన్నాళ్ళకి కిక్కు రాడ్డు మెల్లగా కిందికి దిగింది. అత్తగారు చప్పట్లు కొట్టింది. అతను రాడ్డు పైకి తెచ్చి మళ్ళీ తొక్కి చూశాడు. దిగింది. సరే, ఇక రింగులు మార్చాలి అనుకున్నాడు, అంతే.

రింగులు, క్లచ్చు ప్లేట్లు, చైను, తీగలు, అన్నీ ఒక్కొక్కటే మారాయి. పాత రేకులు, వంకర మడ్‌గార్డు తీసేస్తే బండి బక్కచిక్కి, కొత్తగా కనిపించింది. హ్యాండిలు వెడల్పైనది వేశాడు. సీటు తన ఒక్కడికీ సరిపడా కుట్టించాలనుకుని టేపు పెట్టి కొలుస్తుంటే అత్తగారు అడిగింది.

"మరి వెనక?"

"వెనక ఎవరు కూర్చుంటారత్తయ్యా? మీకు కాలు వంగదు."

"వంగే రోజుల్లో మాత్రం ఏం చూశాను? పెళ్ళయిన దగ్గర్నుంచీ దీని మీద పక్కకి తిరిగే కూర్చున్నా. లోకంలో సగమే చూశాను. రెండో సగం ఎలా ఉంటుందో ఆయన్ని అడిగితే, ఇలాగే ఉంటుందిలే అనేవాడు."

ఆవిడ నవ్వుతూనే అంది. అతను టేపు చుట్టి జేబులో పెట్టుకుని బయటికి వెళ్ళాడు.

వీధి చివర వెల్డింగు షాపు ఉంది. ఆ వెల్డరుకి రాని పని లేదు, అనుకున్న రోజుకి అయిన పనీ లేదు. బండి పక్కన మనిషి కూర్చునే తొట్టి, దానికో చక్రం కావాలని సైరన్ సుద్దముక్కతో నేల మీద గీసి చూపించాడు.

"ఎవరికన్నా?"

"అత్తగారికి."

వెల్డరు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, "అత్తగారి కోసం బండి కట్టే అల్లుణ్ణి ఇన్నాళ్ళకి చూశాను. ఒకసారి దణ్ణం పెట్టుకోనీ" అన్నాడు. ఇనుప సామాను కుప్పలోంచి గొట్టాలు లాగాడు. వాటి మీద పెచ్చులూడిన లేత ఆకుపచ్చ రంగు ఉంది. ఆస్పత్రి మంచం గొట్టాలని సైరన్ చూడగానే గుర్తుపట్టాడు. అలాంటి మంచాల మీదికి ఎంతమందిని మార్చాడో! ఇప్పుడైనా ఏదో కదులుతుందేమోనని ఒక్క క్షణం గొట్టం పట్టుకుని ఆగాడు. ఏమీ కదల్లేదు. "ఇవే కొయ్యి" అన్నాడు.

తొట్టి తయారైంది. అడుగున చెక్క, వీపుకి స్పాంజి, ఎక్కడానికి ఒక పక్కన చిన్న తలుపు. ముందు ఇసుక బస్తాలు వేసి నడిపి చూశాడు. బండి ఒక పక్కకి లాగుతుంటే బిగింపులు సరిచేశాడు. ఆ తర్వాత ఒక ఉదయం అత్తగారు తల చుట్టూ కండువా బిగించుకుని, చాచిన కాలు చాచినట్టే ఉంచి అందులో కూర్చుంది.

వీధి దాటేదాకా తొట్టి అంచు రెండు చేతులా పట్టుకుంది. పెద్ద రోడ్డెక్కాక కేకలు మొదలుపెట్టింది. "అబ్బో, ఎదురుగా ఇంత ఉంటుందా! ఒరేయ్ లారీ, జరుగు! అల్లుడూ, వాణ్ణి దాటెయ్!"

వాలులో దిగుతుండగా తొట్టిని బండికి పైన పట్టి ఉంచిన గొట్టం అతుకు దగ్గర తెగింది. తొట్టి పక్కకి ఒరిగి, నేలని గీరుకుంటూ పోయింది. సైరన్ బ్రేకు వేసి, బండి ఆగీ ఆగకముందే దూకి, ఆవిడ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మెడ తడిమాడు, భుజాలు నొక్కి చూశాడు, మణికట్టు పట్టుకున్నాడు.

"అమ్మా, మీ పేరేంటి?"

"నీ మొహం! నీ పెళ్ళాం తల్లిని!"

"మీ పేరు చెప్పండమ్మా. ఇవాళ ఏ వారం?"

డ్యూటీలో అడిగే అదే గొంతు, అదే వరస. ఆవిడ అతని ముఖంలోకి చూసింది. తిట్టబోయిన మాట మింగేసి, బళ్ళో పిల్లలా తన పేరు చెప్పింది, ఇంటిపేరుతో సహా. వారం చెప్పింది.

"ఎక్కడైనా నొప్పిగా ఉందా?"

"మోచెయ్యి గీరుకుంది. అంతే."

ఇక అడగాల్సినవేం లేవు. అయినా అతను మణికట్టు వదల్లేదు.

"నీ చేతులు వణుకుతున్నాయి అల్లుడూ."

"కనిపిస్తోందత్తయ్యా" అన్నాడు, ఇంకెవరి చేతులో చూస్తున్నట్టుగా. వాటిని ఆపడానికి అతను ప్రయత్నించలేదు. ఆవిడ రెండో చెయ్యి తెచ్చి వాటి మీద వేసి, వచ్చే పోయే బళ్ళని చూస్తూ కూర్చుంది. కాసేపటికి వణుకు దానంతటదే ఆగింది. ఆటో పిలిచి ఇంటికి వచ్చారు.

వెల్డరు బండిని ఈడ్చుకొచ్చాడు. "మంచం గొట్టం మంచానికే పనికొస్తుందన్నా, నాకు ముందే అనుమానం" అన్నాడు.

"ఉంటే చెప్పేడవొచ్చుగా!" అని అత్తగారు లోపల్నుంచి అరిచింది. ఈసారి వెల్డరు మందపాటి గొట్టం తెచ్చి, అతుకుల దగ్గర మూల రేకులు కూడా వేసి, తిట్లు తింటూ దగ్గరుండి చేశాడు.

సెలవయ్యాక సైరన్ డ్యూటీకి వెళ్ళాడు. అక్కడ ఏదో మారిపోయిందని చెప్పడానికి లేదు. ఎక్కించుకోవడం, దించడం, బండి కడగడం, అన్నీ మునుపటిలాగే. ఎవరైనా ఏడిస్తే అతనికి ఇప్పటికీ దూరంగా ఎక్కడో రేడియో మోగుతున్నట్టే ఉంటుంది. కాకపోతే పక్కకి జరగండి అనడం మానేశాడు. ఎవరైనా చొక్కా పట్టుకుంటే వాళ్ళే వదిలేదాకా నిలబడతాడు. మేనేజరు అలా చెప్పాడని కొందరంటారు, నిజం కూడా కావచ్చు.

ఒక సాయంత్రం భార్య దుకాణం నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూ అడిగింది. "ఆ రోజు అమ్మ పడినప్పుడు... మీకేమైనా అనిపించిందా?"

"అనిపించినట్టుంది. ఏంటని అడిగితే చెప్పలేను."

"ఇప్పుడు?"

"ఇప్పుడు లేదు."

ఆవిడ తలూపి వంటగదిలోకి వెళ్ళింది. వాకిట్లో అత్తగారు అప్పటికే తొట్టిలో ఎక్కి కూర్చుని, చీకటి పడకముందే ఒక చుట్టు తిప్పుతావా లేదా అని కేకలేస్తోంది. అతను తాళం తీసుకుని బయటికి నడిచాడు.