మా తమ్ముడి కెమెరాలో పడిన వెలుగు

మా చిన్నమ్మ కొడుకు నాకంటే చిన్నవాడు. వాడి అదృష్టం మాత్రం నాకంటే పెద్దది. ఈ మాట అసూయతోనే అంటున్నాను, దాచుకోవలసిన పని లేదు. వాణ్ణి చూసి కళ్ళలో నిప్పులు పోసుకున్నంతగా నేను జీవితంలో ఇంకెవర్నీ చూసి పోసుకోలేదు.

యుద్ధం అయిపోయి, మద్రాసు అంగళ్ళలోకి మళ్ళీ కెమెరాలు వస్తున్న రోజులు. తిరుపతిలో కొండ కింద యాత్రికులకు పటాలు తీసి బతుకుదామని ఇద్దరం కలిసే అనుకున్నాం, కలిసే రైలెక్కాం. అంగడాయన ఒకే రకం కెమెరాలు రెండు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ముందు మూత తెరిస్తే నల్లటి తోలు తిత్తి మడతలు మడతలుగా బయటికి సాగుతుంది, దాని చివర అద్దం. పెద్దవాణ్ణి గనక ముందు ఏరుకునే హక్కు నాదన్నాను. తమ్ముడు సరేనన్నాడు. పెళ్ళిచూపుల్లో కూడా నేను అంతసేపు చూడలేదు. మూత తీశాను, మూశాను, తిత్తిని సాగదీశాను, అద్దం మీద ఊది తుడిచాను. చివరికి ఒకటి చంకలో పెట్టుకున్నాను. మిగిలినదాన్ని వాడు చూడకుండానే తీసుకున్నాడు.

అలిపిరి దారిలో ఇద్దరం పక్కపక్కనే దుకాణాలు పెట్టాం. దుకాణమంటే ఏముంది, ఏడుకొండల బొమ్మ వేసిన గుడ్డ తెర, దాని పక్కన ఒక బెంచీ. గుండ్లు గీయించుకుని, దర్శనం చేసుకుని దిగి వచ్చినవాళ్ళు తెర ముందు నిలబడతారు. ఆ రాత్రికి సత్రంలో పడుకుని, మరునాడు పొద్దున పటం పట్టుకుపోతారు.

మొదట్లోనే ఒకనాడు తమ్ముడు ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"అన్నా, పటాలన్నీ చెడిపోతా ఉండాయి, సూడు," అని ఒకటి నా చేతిలో పెట్టాడు.

పటంలో ఎడమ పక్క పైనుంచి తెల్లటి చార ఒకటి ఏటవాలుగా దిగి, అక్కడ నిలబడిన ముసలామె గుండు మీద వాలింది. నా పటాలు మాత్రం కడిగిన ముత్యాల్లా వస్తున్నాయి. "చూసి కొనుక్కోవాల అబ్బా," అని మాత్రం అన్నాను. లోపల ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు. ఆ పటం తీయించుకున్నది బంగారుపాళ్యం దగ్గర మామిడితోటలున్న ఒక కుటుంబం. తమ్ముడు చేతులు కట్టుకుని, తప్పయిపోయింది, మళ్ళీ తీసిస్తానని చెప్పబోతుంటే, ఆ ఇంటి పెద్దాయన పటాన్ని చూసి చూసి "గోవిందా!" అని కేక పెట్టి దారిలోనే సాష్టాంగపడ్డాడు.

"మా యమ్మ మొక్కు తీరినాది. సామే వచ్చి నెత్తిన చెయ్యి పెట్టినాడు, సూడండి!" అని ఏడ్చాడు. ముసలామె పటాన్ని కళ్ళకద్దుకుంది.

ఇక చూసుకోండి. ఆ మాట సత్రంలో పడింది, సత్రం నుంచి కొండెక్కింది. పైన గుండ్లు గీసేవాళ్ళే, "కిందికి దిగినాక ఆ సన్నటాయన కాడ పటం తీయించుకోండి, ఆయప్ప కెమెరాలో సామి వస్తాడంట," అని చెప్పి పంపేవాళ్ళు. కాణిపాకం చూసుకుని వచ్చినవాళ్ళు, కార్వేటినగరం నుంచి బండ్లు కట్టుకుని వచ్చినవాళ్ళు, ఆర్కాటు వైపు అరవవాళ్ళు, అందరూ వాడి తెర ముందే. వంతు వచ్చేదాకా కూర్చునేది మాత్రం నా బెంచీ మీద. మంచినీళ్ళు కూడా నన్నే అడిగేవాళ్ళు. కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుడతాడంటారు. వాడికి చెడిపోయిన కెమెరా కలిసొచ్చింది.

వాడు గర్వపడినా బాగుండేది, తిట్టుకోవడానికి నాకొక దారి దొరికేది. వాడు అదీ చెయ్యలేదు. "మా అన్న కాడికి పోండి, నాకన్నా బాగా తీస్తాడు," అని జనాన్ని నా వైపు తోసేవాడు. వాళ్ళు నా పటాలు చూసి, "బాగుండాయి గానీ సామి లేడే," అని మళ్ళీ వాడి వరసలోకే పోయేవాళ్ళు. నాకు అన్నం సయించేది కాదు. ఏరి ఏరి తెచ్చుకున్న నా మంచి కెమెరాను చూస్తేనే ఒళ్ళు మండేది. ఒకసారి దాని వెనక మూత కాస్త వదులు చేసి పటం తీసి చూశాను. సామి రాలేదు సరికదా, మనుషులు కూడా మిగల్లేదు, అంతా తెల్లారిపోయింది. మూత బిగించుకుని కూర్చున్నాను.

కొన్నాళ్ళకు ఆ మద్రాసు అంగడి నుంచి ఒకాయన తోలు పెట్టె పట్టుకుని దిగాడు. ముందు నా దగ్గరికే వచ్చాడు. ఆ రకం కెమెరాల్లో కొన్నిటికి తిత్తి మడత పిగిలి వెలుతురు లోపలికి పోతోందని తయారుచేసినవాళ్ళే కనుక్కున్నారట. అలాంటివి వెనక్కి తీసుకుని కొత్త రకం ఊరికే ఇచ్చి రమ్మన్నారట. ఆ మాట వినగానే నాకు పండగ వచ్చినట్టయింది. నేనే ముందు నడిచి ఆయన్ని తమ్ముడి దగ్గరికి తీసుకుపోయాను.

ఆయన తమ్ముడి కెమెరా తిత్తిని ఎండకెత్తి చూసి, "ఇదిగో, సూదిమొనంత బొక్క," అని చూపించాడు. తెరకు తగిలించిన పటం చూసి, "ఆ మచ్చ దీనివల్లే," అన్నాడు.

"మచ్చే! నేను మొదట్నుంచీ అనుకుంటానే ఉండాను. అట్లాంటి పటం నాకైతే ఊరికే ఇచ్చినా వద్దు!" అని నలుగురికీ వినబడేట్టు అరిచాను.

వరసలో ఉన్నవాళ్ళు లేచారు. "సామిని మచ్చంటావా? యాడినుంచి వచ్చినావయ్యా నువ్వు?" అని ఒకామె మద్రాసాయన మీదికి పోయింది. ఇంకొకాయన కెమెరాకు అడ్డంగా నిలబడ్డాడు. మద్రాసాయన కంగారుగా పెట్టె తెరిచి కొత్త కెమెరా బయటికి తీశాడు. అది ఎండలో మిలమిలలాడింది. తమ్ముడు దాన్ని చూశాడు, తర్వాత జనాన్ని చూశాడు.

"వద్దు సార్. ఇదే ఉండనీండి," అన్నాడు.

ఊరికే ఇస్తుంటే వద్దన్నవాణ్ణి ఇప్పుడే చూస్తున్నానన్నాడు ఆయన. నేను ఆగలేకపోయాను. "అయితే నాకియ్యండి. నాదీ సరిగ్గా లేదు," అన్నాను. ఆయన నా తిత్తిని కూడా ఎండకెత్తి ప్రతి మడతా తడిమాడు. "మీది బ్రహ్మాండంగా ఉంది. మార్చాల్సిన పనే లేదు," అని నా భుజం తట్టి, కొత్తదాన్ని పెట్టెలో పెట్టుకుని రైలుకు పోయాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. మంచిది ఏరుకున్నందుకు నాకు సామీ లేడు, కొత్తదీ లేదు.

ఆ తర్వాత నా కొడుకు పుట్టువెంట్రుకలు కొండ మీద ఇచ్చాం. అది మా అమ్మ మొక్కు. కిందికి దిగి వచ్చాక నేను నా తెర దులిపి కెమెరా తీశాను. మా అమ్మ కదల్లేదు.

"మీ తమ్ముని కాడికి పోదాం పా," అంది.

"అది బొక్క మా. మద్రాసాయన చూపించినాడు, నా కండ్లారా చూసినాను."

"బొక్కో గిక్కో. ఊరోళ్ళ బిడ్డలందరి నెత్తినా సామి చెయ్యి పెట్టినాడు. నా మనవడేం పాపం చేసినాడురా? అయినా నువ్వే తీస్తే పటంలో నువ్వు యాడుంటావు?"

నా భార్య బిడ్డనెత్తుకుని తమ్ముడి తెర వైపు నడిచింది. నేనూ వెళ్ళాను. కోపంగా వెళ్తున్నానని వాళ్ళనుకున్నారు. నిజం వేరు. ఇన్నాళ్ళూ ఆ చారను చూసి కుళ్ళి కుళ్ళి, అది వాలే చోటు నాకు కంఠతా వచ్చేసింది. అమ్మనూ భార్యనూ పక్కకు జరిపి, బిడ్డను నా చేతుల్లోకి తీసుకుని, పటంలో ఎడమ చివరయ్యే ఆ చోట నిలబడ్డాను. అది ఉత్త బొక్కేనని నాకు తెలుసు. తెలిసీ నాకు కావాలి. దారినపోయేవాళ్ళందరి మీదా పడింది, నా మీద, నా బిడ్డ మీద ఎందుకు పడకూడదు? వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనంటారు కదా. గడ్డం పైకెత్తి, కళ్ళు సగం మూసి నిలబడ్డాను. తమ్ముడు కెమెరా మీదికి వంగి, చాలాసేపు చేతులు సర్దుకుని పటం తీశాడు.

మరునాడు పటం తనే ఇంటికి తెచ్చాడు. మా అమ్మ దేవుడి ముందు దీపం పెట్టి కాచుకుని ఉంది. పటాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఏందబ్బా, మనకు రాలేదే," అంది.

లాక్కుని చూశాను. చార లేదు. తెర మీద ఏడుకొండలు, మా అందరి ముఖాలు, బిడ్డ గుండు మీది గంధం, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఎడమ చివర నేను, దేనికోసమో గడ్డం ఎత్తుకుని ఉన్నాను.

"ఎట్ల రాకుండా పోయిందిరా?" అన్నాను.

తమ్ముడు నవ్వాడు. "నీకు ఆ మచ్చంటే కిట్టదని నాకు తెలీదా అన్నా? మన బిడ్డ పటమన్నా శుబ్రంగా రావాలని, ఆ బొక్క మీద బొటనవేలు అదిమిపెట్టి తీసినాను. సూడు, నువ్వు తీసినట్టే వచ్చినాది."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాడు అది సంతోషమనుకుని నా చెయ్యి పట్టుకున్నాడు.