సఫర్‌మైనా

రాసుకో బిడ్డా, మీ నాన్న సంగతే. అప్పటికి నువ్వింకా పుట్టలేదు.

మీ నాన్నను మిలిటరీలోకి తీసుకున్న రోజు పక్కింటి చాచా గోడ మీది నుంచి కేకేశాడు. ఆయన పాత ఫౌజీ. "బహెన్, సఫర్‌మైనా మే లేలియే ఉస్కో!" వాణ్ణి సఫర్‌మైనాలోకి తీసుకున్నారని. సఫర్ అంటే ప్రయాణం, మైనా అంటే గోరింక. పిట్టలాగా ఊళ్లు తిరిగే కొలువు కాబోలు అనుకున్నాను. ఫలక్‌నుమా నుంచి మొఘల్‌పురా దాకా పాలు పోసిన ప్రతి ఇంట్లోనూ చెప్పాను. "మా పోరడు తుపాకి పట్టడు, ఉత్తగ తిరుగుతడు."

ఏడాదికి సెలవు మీద వచ్చాడు. నేను కొట్టంలో బర్రెలకు వేసే గడ్డిని గంపలో తడుముతున్నాను. మన చుట్టూ అన్నీ ఇనుప పనుల షెడ్లే కదా, గడ్డిలో తీగముక్కో ఇనుప మేకో వస్తుంది. బర్రె మింగిందా, అంతే. వాడూ వచ్చి కూర్చున్నాడు. నాలాగా గుప్పిట్లో నలపడం లేదు. వేళ్లు ఏటవాలుగా, పక్క నుంచి, వేలెడు వేలెడు జరుపుతున్నాడు.

"ఏందిరా, గడ్డికి నొప్పి పెడ్తదా? బర్రెలు ఒర్రుతున్నయ్."

"మీదికెల్లి ఒత్తొద్దమ్మా. మాకు గట్లనే నేర్పిన్రు."

"మేకులు ఏరనీకి మిలిటరీ ఎందుకురా?"

"మేకులు గాదు," అన్నాడు. "మందుపాతర్లు."

నా చెయ్యి గంపలోనే ఆగిపోయింది. సఫర్‌మైనా అంటే పిట్ట కాదు, ఇంగ్లీషు 'సాపర్స్ అండ్ మైనర్స్' ఫౌజీల నోట్లో అట్లా అయిందట; దారి వేసేవాళ్లు, వంతెన కట్టేవాళ్లు, దారిలో పాతిన మందు తీసేవాళ్లు అని అప్పుడు చెప్పాడు. పైగా బాంబులు విప్పే పెద్ద ట్రైనింగుకు తనను ఎంచారట. "నువ్వు వద్దంటే పోనమ్మా," అని ఆ నిర్ణయం నా మెడకు చుట్టాడు.

వద్దు అనే మాట నాలుక మీదే ఉంది. "ఆడ మొదలు ఏం నేర్పుతరు?" అన్నాను.

"అలిసిన అని చెప్పుడు. చెయ్యి ఒణికినా, మనసు పక్కకు పోయినా ఎనుకకు వచ్చి చెప్పాలె. ఇంకొకడు పోతడు. దాచినోన్ని ఇంటికి పంపుతరు."

వాడు చూసిన గంపను నేను మళ్లీ తడిమాను. గోరంత ఇనుము తగల్లేదు.

"అలిస్తే నిజంగ చెప్తవా?"

"చెప్త."

"అయితే పో."

అప్పటి నుంచి ఫోన్లో బాగున్నావా అని అడగను. "అలిసినవా?" అంటాను. లేదు అంటే ఆ పూట అన్నం దిగదు. "మస్తు అలిసిన" అంటే ప్రాణం కుదుటపడుతుంది, వెనక్కి వచ్చి చెప్పే ఉంటాడని. ఇన్నేళ్లూ ఇదే. అడిగి అడిగి నా నోరు అలిసింది.

ఇవాళ పొద్దున ఫోన్లో వాడే అడిగాడు. "నువ్వో అమ్మా?"

బుద్ధెరిగాక ఎవరితోనూ అనని మాట అనేశాను. "నేను గూడ అలిసిన బిడ్డా."

వాడు వెంటనే అందుకున్నాడు. "అయితే ఎనుకకు రా. ఇంకొకరు పోతరు."

"బర్రెల కాడికా? ఎవరురా, మీ బాపా? గంప ఎత్తితే నడుం పట్టుకుంటడు!" అన్నాను, మీ తాత దిక్కు చూసి.

నవ్వాడు. నేను లేచి గంప దగ్గరికి పోయాను.