ఆనేకల్ బస్సులో ఇరాక్ యుద్ధం

2003 మార్చి 22, శనివారం, ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలు. పట్నంలో మార్కెట్టుకు పోయే ప్రైవేటు బస్సు ఆనేకల్ బస్టాండులోకి వచ్చింది. నేసిన చీరలు చిక్కపేట సావుకారికి ఇవ్వడానికి నేనూ మా చెల్లెలు నాగమ్మా బయలుదేరాం. నాగమ్మకు మోకాలి కట్టు విప్పి వారమే అయింది. గంటన్నర నిలబడితే మళ్లీ ఆసుపత్రే. అందుకని బస్సు ఆగకముందే కిటికీలోంచి సీటు మీదికి తువ్వాలు విసిరాను. ఈ దారిన పోయేవాళ్లు తువ్వాలు లేకుండా బయలుదేరవద్దు.

మేం ఎక్కేసరికి ఆ సీట్లో పేపరు పట్టుకుని ఒక పెద్దమనిషి. కండక్టర్ శివణ్ణ ఆయన్ని నారాయణప్పా అని పిలిచాడు. పక్కనున్న కూరగాయల మునిరెడ్డితో ఆయన వాదంలో ఉన్నాడు. అమెరికావాళ్లు ఇరాక్ మీదికి పోవడం న్యాయమేనట.

"ఆ రాజు ఆయుధాలు దాచిపెట్టుకోని ఉండాడు. పోకుండా ఎట్లప్పా?"

"దొరికినాయా?" అన్నాడు మునిరెడ్డి.

"ఎతకల్ల కదా. దొరక్కపోయినా ఆ జనానికి మంచి జరుగుతాది."

"అది మా సీటప్పా," అన్నాను.

"తువ్వాలు కనపడ్లేదు."

"నీ కాళ్లకింద ఉండాది, చూడు."

"ఎవరో మరిచిపోయినారు అనుకుంటి." పేపరు మడిచి ఇంకో కారణం తీశాడు. "నేను కూర్చోకపోతే ఇంకెవడో కూర్చుంటాడు. మీ మంచికే."

యాభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చినదాన్ని, నాకు పెద్ద వాదాలు రావు. ఆయన సంచి తీసి విప్పాను.

"ఏమ్మా, ఏం చేస్తా ఉండావు?"

"నా వక్కాకు తిత్తి దీంట్లో ఉండాదని అనుమానం."

క్యారియర్ ఒక్కటే ఉంది. మూత తీస్తే చిత్రాన్నం.

"లేదు కదా, ఇచ్చెయ్."

"లేకపోతే పోనీ. వచ్చినందుకు జనానికి మంచి చేసి పోతా," అని మునిరెడ్డి చేతిలో ఇంత పెట్టాను. వెనక సీట్లవాళ్లూ చేతులు చాచారు.

"అడక్కుండా నా అన్నం పంచేదానికి నువ్వెవరు?"

బస్సంతా నవ్వింది. తనన్న మాట తనకే వినబడిందేమో, ఆయన లేచాడు. నాగమ్మ కూర్చుంది.

తొమ్మిదీ నలభైకి మార్కెట్టులో దిగాం. సావుకారు అంచులకు వంకలు పెట్టి, చీరలన్నీ ఉంచుకున్నాడు. సాయంత్రం నాలుగింటి బస్సు ఖాళీగా దొరికింది.

"కాలు నొప్పి లేదక్కా," అంది నాగమ్మ. "ఆయప్ప మధ్యాన్నం ఏం తిన్నాడో."

"క్యారియర్ తిరిగిచ్చినా కదే."

"అడుగున నాలుగు మెతుకులుండె."

"ఆ వయసులో చిత్రాన్నం అరగదులే. ఆయప్ప మంచికే," అన్నాను.

నాగమ్మ చందాపుర దాకా నవ్వుతూనే ఉంది. ఈ దారిలో సీటు దొరకడం కష్టం, కారణం దొరకడం తేలిక.

ఆ పొద్దున బస్సులో ఉన్నవాళ్లం: చౌడమ్మ అనే నేను, నాగమ్మ, మునిరెడ్డి, శివణ్ణ, చిత్రాన్నం తిని పేరు చెప్పని వెనక సీట్లవాళ్లు, మార్కెట్టు దాకా నిలబడే వచ్చిన నారాయణప్ప.