కంటికి ఆనని పొర

ఇనుము చెక్కే లేత్ మిషను మీద పనిచేసే అతన్ని షెడ్డులో అందరూ తళతళ అని పిలిచేవారు. అతని చేతిలోంచి వచ్చిన ముక్కలో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చని వేళాకోళం. అతను నవ్వి ఊరుకునేవాడు. పాపం, ఆ శుభ్రం పిచ్చి ఇంట్లో ఎంత ముదిరిందో వాళ్లకేం తెలుసు.

అతను నడిపిన బండి జారి చెల్లెలి కుడికాలు మోకాలి పైదాకా పోయింది. పెట్టుడు కాలుతో ఆమె మళ్లీ చొక్కాలు కుట్టే దుకాణంలో పనికి చేరింది. చేరీ చేరగానే మోకాలి కీలులోంచి నూనె కారి, ఒళ్లో పరుచుకున్న తెల్ల చొక్కా కాస్తా పాడైంది. ఇంకొకటి పాడైతే పనికి రానక్కర్లేదన్నారు.

ఇక అన్నగారు నడుం కట్టాడు. రోజూ పొద్దున్నే కీలు విప్పి, లోపలి ఇనుప కడ్డీని స్పిరిట్‌తో రుద్ది రుద్ది కడిగి, నూనె జాడ లేకుండా బిగించి ఇచ్చేవాడు. మరకలు ఆగాయి. కీలు మాత్రం కిర్రుమనడం మొదలుపెట్టింది. మురికి ఇంకా ఉందనుకుని ఇంకా కడిగేవాడు. షెడ్డులో ఇనుము మీద ఇనుముని నూనె లేకుండా ఎన్నడూ ఆడించని మనిషికి ఇంట్లో ఆ సంగతే తోచలేదు. ఒకరోజు దుకాణం మెట్ల మీద కీలు పట్టేసి ఆమె బోర్లా పడింది. ఇక పనికి వెళ్లనంది.

మర్నాడు కీలు విప్పి చూస్తే కడ్డీ నిండా గీతలు. ఇనుము ఇనుముని కొరికేసింది. అయినా అతను స్పిరిట్ సీసా తీశాడు. చెల్లెలు లాక్కుంది. కుట్టుమిషనుకి నూనె వేశాక, మరక ఆగేదాకా పాతగుడ్డ మీద కుడతానని చెప్పింది. ఆ తర్వాత తెల్లబట్టకి చుక్క అంటదు, మిషను మాత్రం తేలిగ్గా తిరుగుతుంది. కంటికి ఆనని పొరేదో ఇనుముని అంటిపెట్టుకునే ఉంటుంది, అదే చాలు.

అతను గీతలు సానబట్టి, నూనె రాసి, పొడిగుడ్డతో తుడిచాడు. గుడ్డకి ఏమీ అంటడం లేదు. అయినా చెయ్యి మళ్లీ సీసా వైపే వెళ్లింది. ఆమె ఆ చెయ్యి పట్టుకుంది.

“నువ్వు ఆ రోజుని కడుగుతున్నావు అన్నయ్యా. అది పోదు. నేనెప్పుడైనా నిన్ను ఒక్క మాటన్నానా? నా కాలు నాకిచ్చెయ్.”

అతను కీలు బిగించి ఇచ్చాడు. ఆమె తొడుక్కుని, మెట్లు దిగి దుకాణానికి బయల్దేరింది. వీధి మలుపు తిరిగేదాకా అతను చెవులు రిక్కించి విన్నాడు. కీలు చప్పుడు చెయ్యలేదు. అప్పుడు గుమ్మంలో కూలబడి, బండి జారిన రోజు కూడా ఏడవని మనిషి, వెక్కి వెక్కి ఏడ్చాడు.