గోనెసంచి మీది వెచ్చదనం

మేం వలస వచ్చిన నవాగామ్‌లో మా గది మెట్ల కింద ఒక వీధికుక్క ఈనింది. చలికాలం. నా భార్య దానికి పాత గోనెసంచి పరిచింది. డ్యూటీకి వెళ్లేముందు కాసేపు నిలబడి చూసేవాణ్ని. కుక్కపిల్లలన్నీ ఒకే కుప్పగా పడుకునేవి. పైనున్నది చల్లబడితే లోపలికి దూరేది, లోపలిది వేడెక్కితే బయటికి జారేది. తల్లి వాటిని చుట్టి పడుకుని ముక్కు తోక కింద దాచుకునేది. ఎదురుగా తీగమీద పావురాలు ఈకలు ఉబ్బించుకుని ఉండల్లా కూర్చునేవి. అప్పట్లో మేమూ అంతే. అందరికీ ఒక్కటే బొంత. మా పిల్లల చల్లటి పాదాలు నా పొట్టకు ఆనేవి.

పొద్దంతా చీరల బట్ట నేసేవాడి గుమ్మంలో మురికి గోనెసంచి ఉండటం నాకు నామోషీ. ఒకరోజు దాన్ని పారేసి, కార్ఖానా నుంచి తెచ్చిన పాలిస్టర్ ముక్క పరిచాను.

"గా నున్నటిదాని మీద జారుతయ్. తడి గుంజదు. గోనెనే ఉండనియ్యి," అంది నా భార్య.

"బట్ట సంగతి నాకే చెప్తున్నవా?"

"నీకు నేసుడు ఎరుక. కప్పుకునుడు నాకెరుక."

నేను వినలేదు. మర్నాడు తల్లి తిండికి పోయినప్పుడు చూస్తే, తడిసిన బట్టమీద కుక్కపిల్లలు తలోమూలకూ జారిపోయి ఉన్నాయి. అన్నిటికన్నా చిన్నది చల్లబడి చచ్చిపోయింది. ముందురోజు నా భార్య దానికి దూదితో పాలు పట్టింది. గల్లీవాళ్లు అడిగితే, "మా ఆమె పాలు పట్టింది, పడలేదు," అన్నాను.

మిగతావాటిని పశువుల డాక్టరుకు చూపించాను. "పుట్టిన కొత్తలో వీటికి వణకడం కూడా చేతకాదు. వణికితే కదా ఒంట్లో వేడి పుట్టేది. ఒకదాన్నొకటి అంటుకుని ఉంటేనే బతుకుతాయి," అన్నాడాయన. ఆ మాట ఇంట్లో చెప్పలేదు. నా భార్య మళ్లీ ఏ కుక్కకూ పాలు పోయలేదు. ఎవరైనా అడిగితే, "నా చెయ్యి మంచిది కాదు," అనేది.

ఇప్పుడు మా పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ఎవరి దుప్పటి వాళ్లది. ఈ చలికాలం మెట్ల కింద మరో కుక్క ఈనింది. నా భార్య దూరం నుంచే చూసి లోపలికి వచ్చేసింది. అది చూశాక ఉండబట్టలేక, డాక్టరు అన్న మాటతో సహా జరిగినదంతా ఆమెకు చెప్పాను.



"గల్లీల చెప్పినవు గద. గల్లీలనే చెప్పు," అంది.

పక్కింటితో మొదలుపెట్టాను. చెప్పి తిరిగొచ్చేసరికి ఆమె వాకిట్లో గోనెసంచి దులుపుతోంది.